మాణెమ్మ పేరు కొట్టేసిన ఆదివారం

బైబిలు పాఠశాల చదువు ముగించుకుని కొత్తగా సంఘాల్లోకి వెళ్లబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, నా మోకాళ్ల నొప్పి గురించి అడుగుతారు, తర్వాత అసలు ప్రశ్న బయటికి తీస్తారు. మోషే ధర్మశాస్త్రం మనకు వర్తిస్తుందా, వర్తించదా? దేవునికి లోబడాలని చెప్పేటప్పుడు ఆ పాత నియమాలను ఏం చేయాలి? వాళ్లకు కావలసింది రెండు ముక్కల్లో జవాబు. పరీక్షలో రాయదగ్గ జవాబు నా దగ్గరా ఉంది, దానికి అప్పట్లో మంచి మార్కులే వచ్చాయి.

కానీ శంషాబాద్ దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు సంఘ కాపరిగా పనిచేశాక, ఆ జవాబు ఒక మనిషి ప్రాణం మీదికి ఎలా వస్తుందో చూశాను. అందుకే రాస్తున్నాను. నాకు దీక్ష ఎవరిచ్చారు, మందిరానికి స్లాబు ఎప్పుడు పడింది, ఎన్ని కమిటీల్లో కూర్చున్నాను వంటివి ఇందులో ఉండవు. అవి చదివి బాగుపడినవాళ్లను నేను చూడలేదు.

విమానాల కింద ఆరాధన

మా మందిరం సాతంరాయిలో, బెంగళూరు హైవే నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో చుట్టూ జొన్న చేలు, కూరగాయల మడులు. ఎయిర్‌పోర్టు వచ్చాక చేలు తగ్గాయి. వాటిలో కూలికి వెళ్లినవాళ్లే ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తడానికీ, నేల తుడవడానికీ, వంటశాలల్లో గిన్నెలు కడగడానికీ చేరారు. ప్రసంగం మంచి పట్టు మీద ఉండగా నెత్తి మీదుగా విమానం పోయేది. మొదట్లో గొంతు పెంచి దానితో పోటీ పడేవాడిని. తర్వాత బుద్ధి తెచ్చుకుని, అది పోయేదాకా ఆగి ఒక గుక్క నీళ్లు తాగడం నేర్చుకున్నాను.

మొదటి చిక్కు ఆదివారంతో వచ్చింది. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఉంది కదా. ఆదివారం డ్యూటీకి వెళ్లేవాళ్లు దేవుని రోజును దొంగిలిస్తున్నారని రెండు వారాలు వరసగా గట్టిగా చెప్పాను. మూడో వారం సామాన్లు ఎత్తే పని చేసే ఒకతను యూనిఫాంతోనే వచ్చి, ఆరాధన అయ్యాక నా పక్కన నిలబడ్డాడు.

"అయ్యగారూ, నేను గూడ ఆదివారం డ్యూటీ జేస్తున్న, మీరు గూడ ఆదివారమే డ్యూటీ జేస్తున్నరు. మీది తప్పు గాదా?"

నాకు కోపం రాబోయి నవ్వు వచ్చింది. ఇంటికి వెళ్లి సువార్త తీస్తే అదే వాదన అక్కడ ఉంది. గుడిలో యాజకులు విశ్రాంతి దినాన పనిచేసినా నిర్దోషులేనని యేసే అంటాడు. ఆ రోజు మనిషి కోసం వచ్చింది, మనిషి ఆ రోజు కోసం రాలేదు. మరుసటి నెల నుంచి షిఫ్టు మనుషుల కోసం గురువారం మధ్యాహ్నం ఇంకో ఆరాధన పెట్టాను. మా పైవాళ్లు చీవాట్లు పెట్టారు, పడ్డాను. ఆ పని సరైనదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నాలుగో ఆజ్ఞను నేను తీసేయలేదు, వారానికి ఒక పూట ఊపిరి తీసుకునే వీలు దొరకనివాళ్ల దగ్గరికి దాన్ని తీసుకెళ్లాను.

ఇంత చురుగ్గా ఆలోచించినవాడివి ఇప్పుడు చెప్పబోయే విషయంలో ఎందుకు ఆలోచించలేదని మీరు నన్ను అడగాలి. జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆదివారం నియమం మగవాళ్లకు అడ్డొచ్చింది, వాళ్లు వచ్చి నిలదీశారు. రెండో నియమం ఆడవాళ్లకే అడ్డొచ్చింది. వాళ్లు నన్ను ఏమీ అనలేదు.

పెద్దయ్యగారి నియమం

నేను ఆరేళ్లు సహాయకుడిగా పనిచేసిన పెద్దయ్యగారు మంచి మనిషి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన మాట్లాడకుండా కూర్చోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నాకు అప్పగించిన సంఘంతో పాటు ఒక నియమం కూడా అప్పగించారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు ఆ రోజు తలుపు దగ్గర వేసిన చాప మీద కూర్చోవాలి, బల్ల దగ్గరికి రాకూడదు. బాలింతలైతే మగబిడ్డకు నలభై రోజులు, ఆడబిడ్డకు ఎనభై రోజులు మందిరం గడప తొక్కకూడదు. ధర్మశాస్త్రంలో ఉందని ఆయన వేలు పెట్టి చూపించేవారు. ఉన్నమాట నిజమే.

నేను కిక్కురుమనలేదు. ఎందుకంటే ఆ నియమం మా పనిని సులువు చేసింది. ఇక్కడి ఇళ్లలో తరతరాలుగా ఆ రోజుల్లో ఆడవాళ్లు దేవుడి గదిలోకి వెళ్లరు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు మా దగ్గరా అదే కనిపించేసరికి ఇబ్బంది ఉండేది కాదు. వాళ్ల చుట్టాలు కూడా, మీ దాంట్ల గూడ మడి ఉన్నది, మంచిదేనని మెచ్చుకునేవారు. నేను దాన్ని నా సాక్ష్యానికి వచ్చిన మెప్పు అనుకుని పొంగిపోయేవాడిని.

అదే ధర్మశాస్త్రం గడ్డం అంచులు గొరిగించుకోవద్దంటుంది. నేను ప్రతి ఆదివారం నున్నగా గీసుకుని వేదిక ఎక్కేవాడిని. ఉన్ని, నార కలిపిన బట్ట కట్టవద్దంటుంది. మా సంఘంలో ఎవరి చొక్కా ఏ దారంతో నేశారో ఒక్కరోజూ అడగలేదు. వందల నియమాల్లో మేము ఏవి ఉంచుకున్నాం అని ఇప్పుడు లెక్క చూసుకుంటే, మా ఇళ్లలో ముందునుంచీ ఉన్నవే ఉంచుకున్నాం. మన అలవాటుకు దేవుని సంతకం దొరికితే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

రాని మనిషి

మాణెమ్మది సాతంరాయే. నలభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది, మాట తక్కువ. ఎయిర్‌పోర్టులో బాత్‌రూములు శుభ్రం చేసే పని. భర్త నీళ్ల ట్యాంకరు నడుపుతాడు, మందిరానికి రాడు, ఆమెను వద్దనడు. కూతురు స్వాతి డిగ్రీ చదువుతుండేది. మాణెమ్మకు చదువు రాదు, వాక్యం చెవులతో పట్టుకునేది. ఆదివారం డ్యూటీ లేనప్పుడు అందరికంటే ముందు వచ్చి, మందిరం ఊడ్చి, చాపలు పరిచేది. ఎయిర్‌పోర్టులో చేసేది చాలదా అని నేను ఆటపట్టిస్తే, అది జీతానికి, ఇది నా తృప్తికి అనేది.

అలాంటి మనిషి రావడం మానేసింది. ఒక నెల, రెండు నెలలు. మూడో నెలలో వాళ్లింటికి వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి, ఆ రోజు లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడి తలుపు పట్టుకుంది.

"జర పానం మంచిగ లేదయ్యగారూ. తగ్గినంక వస్త."

ప్రార్థన చేసి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత హైవే మీద పొద్దున్నే యూనిఫాం వేసుకుని కంపెనీ బస్సు ఎక్కుతూ కనిపించింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్యూటీకి బాగుండే ఒళ్లు దేవునికి బాగుండదా అనుకున్నాను. ఒక్క రోజు పనికి వెళ్లకపోతే ఆమె చోట ఇంకొకరిని పెట్టేస్తారన్న సంగతి నాకు తెలుసు. తెలిసినా ఆ క్షణంలో గుర్తు చేసుకోదలచుకోలేదు.

తర్వాతి ఆదివారాలు విధేయత మీదే చెప్పాను. దేవుడు చెప్పిన మాట వదిలేసి మంచి గొర్రెలను బలికి దాచిపెట్టిన సౌలు రాజును పట్టుకుని ఉతికేశాను. బలులకంటే మాట వినడం మేలని చెబుతూ ఖాళీగా ఉన్న మాణెమ్మ చోటు వైపు చూశాను. స్వాతి తల దించుకుని కూర్చుంది. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. కారణం చెప్పకుండా వరసగా ఆరుసార్లు ప్రభువు బల్లకు రాని వ్యక్తి పేరు సభ్యుల పుస్తకంలోంచి తీసేస్తారు. ఆరో నెల నిండింది. పెద్దలు ఇంకో నెల చూద్దామన్నారు. నేనే వద్దన్నాను. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలని వాదించి, ఆ ఆదివారం ఆమె పేరు పైకి చదివి, కొట్టేశామని ప్రకటించాను. ఆ పేరు మీద గీత గీసింది నా పెన్నే.

వంటింట్లో

ఆ సాయంత్రం స్వాతి మా ఇంటికి వచ్చింది. నా దగ్గరికి రాలేదు, పెరటి వైపు నుంచి మా ఆవిడ దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ పిల్ల వెళ్లాక మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, స్టూలు చూపించి కూర్చోమంది. తను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

మాణెమ్మకు ఎనిమిది నెలలుగా రక్తస్రావం ఆగడం లేదు. మొదటి రెండు నెలలు నియమం ప్రకారం తలుపు దగ్గర చాప మీద కూర్చుంది. ప్రతిసారీ ఈమె అక్కడే ఉంటుందేమిటని ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ వైపు చూడకపోవడం మర్యాద అనుకునే నేను ఏనాడూ చూడలేదు. ఎప్పుడూ అపవిత్రంగానే ఉన్నదాన్ని, గుడి గడప తొక్కి దేవునికి కోపం తెప్పించడం దేనికని ఆమె రావడమే మానుకుంది. దవాఖానకు పోదామని కూతురు ఎంత మొత్తుకున్నా వినలేదు. మా సంఘంలో ఎవరూ ముందు మందిరంలో ప్రార్థన చేయించుకోకుండా ఆపరేషన్లకూ, పెద్ద వైద్యాలకూ వెళ్లరు. అది కూడా నేను అలవాటు చేసిందే. రక్తం ఆగితే మందిరానికి రావచ్చు, వస్తే ప్రార్థన చేయించుకోవచ్చు, చేయించుకుంటే దవాఖానకు పోవచ్చు. ఆ వరసలో ఆమె ఎనిమిది నెలలు ఎదురుచూసింది.

నేను ఇంటికి వెళ్లి అడిగాను కదా, చెప్పవచ్చు కదా అని నసిగాను.

"గుమ్మంలో నిలబడి మగవాడికి ఏమని చెప్పమంటారు?" అంది మా ఆవిడ. గొంతు ఏమాత్రం పెంచకుండా అసలు మాట కూడా అంది. "ఏవండీ, మీరు చెప్పిన మాటను ఇంత కచ్చితంగా విన్న మనిషి ఈ సంఘంలో ఇంకెవరైనా ఉన్నారా? ఆ మనిషినే కదా మాట వినలేదని పొద్దున తీసేశారు."

నేను ఎన్నో విచారణల్లో పెద్దమనిషిగా కూర్చున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్నంత చిన్నగా ఎక్కడా కూర్చోలేదు. ఏడ్చాను కూడా. మా ఆవిడ ఓదార్చలేదు, పొద్దున్నే ఆటో మాట్లాడమంది.

శంషాబాద్‌లో ప్రభుత్వ దవాఖాన నర్సు షాహీన్ మాకు పరిచయమే. మాణెమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయింది, వెంటనే సిటీకి తీసుకుపోండని చీటీ రాయించింది. ఇన్ని నెలలు ఎందుకు ఊకున్నరని ఆమె అడిగితే నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. షాహీన్ చీటీ నా చేతిలో పెట్టింది.

"మా దాంట్ల గూడ ఆ దినాలల్ల నమాజ్ ఉండదయ్యగారూ. కానీ అది మాఫీ, శిక్ష కాదు. గిట్ల ఆగకుండ పోయేది బీమారి. బీమారి ఉన్న ఆడిదాన్ని నమాజ్ బంద్ పెట్టమని మా పెద్దలు గూడ చెప్పరు."

మూడు దశాబ్దాలు వేదిక ఎక్కినవాడికి ఆమె మందులు ఇచ్చే కిటికీ దగ్గర పాఠం చెప్పింది. నేను చేతులు కట్టుకుని విన్నాను.

బెంచీ మీద చదివింది

సిటీలో పెద్దాసుపత్రిలో చేర్చారు. ముందు రక్తం ఎక్కించి, నిలదొక్కుకున్నాక గర్భసంచి తీసేయాలన్నారు. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే మేము చేయగలిగింది ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. మొదటి సంచి రక్తం ఎక్కుతుండగా నేను బయట బెంచీ మీద కూర్చుని, ఎన్నోసార్లు బోధించిన ఆ నియమాన్ని మొదటిసారి చివరిదాకా చదివాను.

అక్కడ ఏముందో దాచను. రక్తస్రావం ఉన్నన్నాళ్లు ఆ స్త్రీ అపవిత్రురాలు అనే ఉంది. పాత గుడి కాలంలో ఆమె దూరంగా ఉండాల్సిందే. కానీ ఆ భాగం అక్కడితో ఆగదు. స్రావం నిలిచాక ఏడు రోజులు లెక్కపెట్టుకుని, ఎనిమిదో రోజున రెండు గువ్వలు పట్టుకుని రావాలి, యాజకుడు ఆమెను చేర్చుకోవాలి. బీదవాళ్లకు అందే రెండు చిన్న పక్షులు. యేసును కన్న తల్లి కూడా పురిటి తర్వాత అలాంటి రెండు పక్షులతోనే గుడికి వెళ్లింది. అంటే ఆ చట్టంలో దూరం ఎంత ఉందో తిరిగి వచ్చే దారి కూడా అంత కచ్చితంగా ఉంది, ఆ దారి దగ్గర నిలబడి చేర్చుకునే ఉద్యోగం యాజకుడిది. నేను దూరాన్ని పట్టుకున్నాను, దారిని వదిలేశాను. ఎవరి పేరునైనా కొట్టేయమని ఆ భాగంలో ఎక్కడా లేదు.

ఇక యేసు సంగతి. ధర్మశాస్త్రాన్ని కొట్టేయడానికి రాలేదు, నెరవేర్చడానికి వచ్చానన్నాడు. ఆ నెరవేర్చడం ఎలా ఉంటుందో తెలియాలంటే కుష్ఠరోగితో ఏం చేశాడో చూడండి. ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. తర్వాత, వెళ్లి యాజకుడికి కనిపించి మోషే చెప్పిన కానుక ఇమ్మన్నాడు. నియమాన్ని పారేయలేదు, కానీ ముట్టుకోవడం ముందు, నియమం తర్వాత. మనం వరస తిప్పేస్తాం. నియమం పూర్తిచేస్తే ముట్టుకుంటాం అంటాం. మీరు నన్ను అడిగే ప్రశ్నకు నా జవాబు ఈ వరసలోనే ఉంది, ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు. లోబడమని ఎవరికైనా చెప్పేముందు ఆ మనిషిని ముట్టుకునేంత దగ్గరికి వెళ్లారా అని చూసుకోండి.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. ఆ వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి, మాణెమ్మ తప్పు ఏమీ లేదని, తప్పు నాదని చెప్పాను. ఆమె సంగతి బయటపెట్టలేదు, నాది పెట్టాను. తలుపు దగ్గర చాప తీసేశాం. పెద్దయ్యగారికి కబురు వెళ్లింది. ఆయన ఫోన్ చేసి చాలా బాధపడ్డారు, నేను లోకంతో కలిసిపోయానన్నారు. ఆయన మీద గౌరవం పోలేదు, కానీ ఆ మాటకు తల ఊపలేదు. ఇద్దరు పెద్దలు కుటుంబాలతో సహా వేరే సంఘానికి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

వార్డులో

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం చిన్న పళ్లెంలో రొట్టె, బుడ్డిలో ద్రాక్షారసం పట్టుకుని వార్డుకు వెళ్లాను. మాణెమ్మ మంచం మీద ఉంది, కుడిచేతికి సూది, పైన రక్తం సంచి వేలాడుతోంది. స్వాతి కాళ్ల దగ్గర కూర్చుంది. నేను ముందు క్షమించమని అడిగాను. ఆమె కంగారుపడి, గంత మాట ఎందుకని సర్దబోయింది. రొట్టె తీసి ఇవ్వబోతే మాత్రం వెనక్కి జరిగింది.

"ఇంకా ఆగలేదయ్యగారూ."

ఆగకపోయినా తీసుకోవచ్చని చెప్పాను. నేను తప్పు చెప్పానని మళ్లీ చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే ఆమె అన్న మాట ఇంకా గుచ్చుకుంది.

"అప్పుడు మీరు రావొద్దన్నరు, రాలే. ఇప్పుడు మీరు తీసుకో అంటున్నరు. రెండుసార్లు మీ మాటే గదా అయ్యగారూ. దేవుడు ఏమన్నడో నాకు ఎప్పుడు తెలుస్తది?"

పళ్లెం పక్కన పెట్టి బైబిలు తీశాను. వ్యాఖ్యానం ఏమీ చేయకుండా, రక్తస్రావం గురించిన ఆ పాత నియమాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆమె కళ్లు మూసుకుని వింది. గువ్వల దగ్గర ఆపించింది. అవి తెస్తే లోపలికి రానిచ్చేటోళ్లా అని అడిగింది. రానిచ్చేవాళ్లని చెప్పాను.

"అయితే రానిచ్చుడే దాని మతలబు" అంది.

తర్వాత సువార్తలో పన్నెండేళ్లు రక్తం ఆగని స్త్రీ గురించి చదివాను. గుంపులో వెనక నుంచి వచ్చి ఆయన బట్ట అంచు ముట్టుకున్న మనిషి. నన్ను ముట్టుకున్నది ఎవరని ఆయన అడగగానే ఆమె వణుకుతూ ముందుకు వచ్చి కాళ్ల మీద పడిన చోటుకు వచ్చేసరికి, మాణెమ్మ దిండు మీద నుంచి కొంచెం లేచింది. తిట్టిండా అని అడిగింది. లేదు, బిడ్డా అని పిలిచాడని చెప్పాను. ఆ రోజుల్లో ఉన్నదానివి ఎందుకొచ్చినవని అడగలేదా అంది. అడగలేదన్నాను. అందరు చూస్తుండంగనా అంది. అందరూ చూస్తుండగానే అన్నాను. స్వాతి ఏడుస్తోంది. మాణెమ్మ ఏడవలేదు, లేచి కూర్చోబెట్టమంది.

నేను పళ్లెం తీసుకోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. మళ్లీ నేను ఇవ్వడం, ఆమె వినడం అవుతుందేమోనని చేతులు ఆడలేదు. ఇంతలో ఆమే మంచం పక్కనున్న పళ్లెం వైపు వంగింది. కుడిచేతిలో సూది ఉంది, కదపకూడదు. ఎడమచేత్తో ప్రసాదం గాని, రొట్టె గాని, పెద్దల ముందు పూలు గాని తీసుకోవడం మా వైపు ఎవరూ చేయరు. ఏ గ్రంథంలోనూ రాసి ఉండకపోయినా అందరి ఒంట్లోనూ ఉన్న నియమం అది. ఆమె చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది.

తర్వాత ఎడమచేత్తోనే రొట్టె విరుచుకుని నోట్లో పెట్టుకుంది. నన్ను అడగలేదు.